సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు పళ్ళకి అలైనర్లు పెట్టించుకోవడం ఎలా

అక్టోబర్ దాటిందంటే నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్తున్నాం అక్కా, పనిలో పనిగా అలైనర్లు పెట్టించుకుంటే ఎలా ఉంటుంది? మూడు వారాల్లో అయిపోతుందా?" డాలస్‌లో మా పక్కింటివాళ్ళు అడిగారు, దుబాయ్‌లో ఉండే మా పిన్ని కొడుకు అడిగాడు, వాడి రూమ్మేట్ కూడా అడిగాడు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టలేక ఇది రాస్తున్నాను. అలైనర్లంటే పళ్ళని మెల్లగా జరపడానికి ఒకదాని తర్వాత ఒకటి మార్చి పెట్టుకునే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు. నేను డాక్టర్ని కాను. నా పళ్ళకి ఒకసారి, మా తోడికోడలి పళ్ళకి ఒకసారి హైదరాబాద్‌లో చేయించాం. మొదటిసారి దెబ్బ తిన్నాం, రెండోసారి తెలిసి చేశాం.

మూడు వారాల్లో పళ్ళు సర్దుకోవు. మూడు నాలుగు వారాల్లో పని మొదలవుతుంది, అంతే. ఒక్కో ట్రే పన్నుని పావు మిల్లీమీటర్ మించి జరపదు. మిగతా ఆరు నెలలో ఏడాదో మీరుండే ఊళ్ళోనే గడుస్తుంది. అందుకని అక్కడ ఎవరు పెడతారని అడిగే ముందు, తిరిగొచ్చాక ఎవరు చూస్తారో తేల్చుకోండి.

మీకు పనికొస్తుందా?

ముందు పళ్ళు కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉన్నా, చిన్న సందులున్నా, చిన్నప్పుడు క్లిప్పులు పెట్టించుకుని ఆ తర్వాత రిటైనర్ (సర్దిన పళ్ళు మళ్ళీ జరగకుండా పట్టి ఉంచేది) వాడక పళ్ళు మళ్ళీ వంకరపోయినా ఇలా దూరం నుంచి చేయించుకోవచ్చు.

కింది వాటిలో ఏ ఒక్కటున్నా సెలవుల్లో మొదలుపెట్టొద్దు. మీరుండే చోటే చేయించుకోండి, లేదా మానుకోండి.

- పళ్ళు పీకి సందు మూయాల్సిన కేసు, ఎత్తుపళ్ళతో పాటు దవడ కూడా ముందుకున్న కేసు, చిగురులోంచి దిగని కోరపన్ను.
- బ్రష్ చేస్తే రక్తం, కదిలే పళ్ళు. చిగుళ్ళ జబ్బు మీద అలైనర్ పెడితే పన్ను ఇంకా వదులవుతుంది.
- ఎముకలు గుల్లబారకుండా అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందులు వాడుతుంటే. వీటితో పళ్ళు సరిగా కదలవు, వేరే చిక్కులు కూడా ఉంటాయి. అమ్మానాన్నలకి చేయిద్దామనుకునేవాళ్ళు ఇది తప్పకుండా అడగాలి.
- పద్దెనిమిది లోపు పిల్లలు. ట్రే పెట్టుకున్నారో లేదో కనిపెట్టుకుని ఉండాలి, దవడ ఇంకా పెరుగుతుంటుంది, నెలనెలా డాక్టర్ చూడాలి. ఈ మాట చెబితే చాలామందికి నచ్చదు. అయినా చెబుతున్నాను.

ఇంప్లాంట్ పన్ను ఎముకలో పాతుకుని ఉంటుంది, కదలదు. క్యాప్ వేసిన పన్ను కదులుతుంది కానీ దాని మీద బొడిపె (ట్రే పట్టు కోసం పన్ను మీద అతికించే చిన్న ముద్ద) సరిగా అతుక్కోదు. ఈ రెండూ ఉంటే ముందే చెప్పండి.

డబ్బు లెక్క

అమెరికాలో మామూలుగా మూడు వేల నుంచి ఎనిమిది వేల డాలర్ల దాకా చెబుతారు. హైదరాబాద్‌లో మేము అడిగిన చోట్ల ఇన్విజలైన్ అనే అంతర్జాతీయ బ్రాండైతే లక్షన్నర నుంచి మూడున్నర లక్షల మధ్య, ఇండియాలో తయారైన ట్రేలైతే అరవై, డెబ్బై వేల నుంచి చెప్పారు. ఈ తేడా చూసే అందరూ టికెట్ కొనేస్తారు.

ఆగి ఒక కూడిక, ఒక తీసివేత చేయండి. మీ ఇన్సూరెన్స్‌లో పెద్దవాళ్ళ ఆర్థోడాంటిక్స్‌కి, అంటే పళ్ళు సరిచేసే వైద్యానికి, జీవితకాల పరిమితి ఎంతుందో చూడండి. దానికి వాడే డి8090 అనే కోడ్‌కి ఎంతిస్తారని అడిగితే చెబుతారు. చిన్న కేసుకి మీ ఊళ్ళో మూడున్నర వేలు అడిగి, అందులో పదిహేను వందలు ఇన్సూరెన్స్ ఇస్తే మీ చేతి ఖర్చు రెండు వేల డాలర్లు. హైదరాబాద్‌లో పెట్టేదీ దాదాపు అంతే. పైగా తిరిగొచ్చాక ఇక్కడి డాక్టర్ దగ్గరికి రెండు మూడు సార్లు చేతి డబ్బుతో వెళ్ళాల్సి వస్తుంది. ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి, ఎలాగూ నెల సెలవు మీద వెళ్ళే గల్ఫ్ వాళ్ళకి మాత్రం నిజంగానే కలిసొస్తుంది. పళ్ళ కోసమే ప్రత్యేకంగా టికెట్ కొనేవాళ్ళకి ఏమీ మిగలదు.

అమెరికాలో వైద్యం కోసం పన్ను లేకుండా దాచుకునే ఎఫ్‌ఎస్‌ఏ, హెచ్‌ఎస్‌ఏ ఖాతాల డబ్బు వాడుకోవాలనుకుంటే వెళ్ళకముందే ప్లాన్ వాళ్ళని అడిగి, ఎలాంటి బిల్లు కావాలో రాయించుకోండి. తిరిగొచ్చాక క్లినిక్‌కి ఫోన్ చేసి బిల్లు మార్చి ఇమ్మంటే ఎంత తిప్పుతారో నేను చూశాను.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఈ మధ్య తీసిన ఓపీజీ ఎక్స్‌రే (పళ్ళు, దవడలు అన్నీ ఒకే బొమ్మలో వచ్చేది) ఫైల్. లేకపోతే అక్కడే తీస్తారు, పెద్ద ఖర్చేమీ కాదు.
- వాడుతున్న మందుల పేర్లు, పాత రూట్ కెనాల్, క్యాప్, ఇంప్లాంట్ వివరాలు.
- కనీసం నాలుగు వారాల సెలవు. ఐదైతే మంచిది.
- మీ ఊళ్ళో చూస్తానని ఒప్పుకున్న ఒక డెంటిస్టు.
- గట్టి డబ్బాలు రెండు, మెత్తటి బ్రష్, చ్యూయీలు. చ్యూయీ అంటే కొరికి ట్రేని కూర్చోబెట్టుకునే చిన్న రబ్బరు గొట్టం.
- రెండు స్టీలు చెంచాలు. ఎందుకో తొమ్మిదో మెట్టులో చెబుతాను.

మెట్టు 1. బయల్దేరకముందే నోరు బాగుచేయించుకోండి

క్లీనింగ్, ఫిల్లింగులు, క్యాపులు, అన్నీ ట్రేల కోసం పళ్ళకి తీసే స్కాన్‌కి ముందే అయిపోవాలి. స్కాన్ అయ్యాక ఒక్క ఫిల్లింగ్ వేసినా ఆ పన్ను ఆకారం మారుతుంది, ట్రే పట్టదు. మా తోడికోడలు "అక్కడ చవగ్గా అవుతుంది కదా అక్కా, అన్నీ అక్కడే చూసుకుందాం" అంది. ఒక రూట్ కెనాల్, దాని మీద క్యాప్ తేలాయి. పదకొండు రోజులు దానికే పోయాయి. స్కాన్ వెనక్కి జరిగింది, చివరికి తిరుగు టికెట్ కూడా మార్చుకోవాల్సి వచ్చింది.

మెట్టు 2. ఇక్కడి డాక్టర్‌ని ముందే ఒప్పించండి

అందరూ వదిలేసేది ఈ మెట్టే. మీ మామూలు డెంటిస్టుని మూడు విషయాలు అడగండి. బొడిపె ఊడితే అతికిస్తారా? అక్కడి డాక్టర్ చార్టు పంపితే దాని ప్రకారం పళ్ళ మధ్య చోటు కోసం కొద్దిగా అరగదీస్తారా? ఒక్కోసారికి ఎంత తీసుకుంటారు? వేరేవాళ్ళు మొదలుపెట్టిన కేసు ముట్టుకుంటే రేపు ఏమైనా అయితే తమ మీదికి వస్తుందని అమెరికాలో చాలామంది కాదంటారు. వాళ్ళ భయం వాళ్ళది. ముగ్గురు కాదన్నా నాలుగో వాళ్ళని అడగండి. మీ ఊళ్ళో యూనివర్సిటీ డెంటల్ స్కూల్ ఉంటే అక్కడా అడగండి. ఎవరూ దొరక్కపోతే బొడిపెలు, అరగదీత అక్కర్లేని చాలా చిన్న కేసైతేనే ముందుకెళ్ళండి.

ఇన్విజలైన్ లాంటి అంతర్జాతీయ బ్రాండులో కేసుని ఒక డాక్టర్ నుంచి ఇంకొకరికి మార్చుకునే పద్ధతి ఉంది. కానీ కొత్త డాక్టర్ ఫీజు వేరు. దేశం మారితే ఏం మిగులుతుంది, ఏం పోతుంది అన్నది డబ్బు కట్టకముందే మీ డాక్టర్ చేత మెయిల్‌లో రాయించుకోండి.

మెట్టు 3. అక్కడి డాక్టర్‌ని ఎంచుకోవడం

బంజారాహిల్స్ నుంచి కూకట్‌పల్లి దాకా, విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల, ఎక్కడ చూసినా "ఇన్విజిబుల్ బ్రేసెస్" బోర్డే. బోర్డు చూడకండి, డిగ్రీ చూడండి. బీడీఎస్ ఐదేళ్ళ చదువు. ఆ తర్వాత ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ మరో మూడేళ్ళు. పళ్ళు జరిపే పని ఆ ఎండీఎస్ వాళ్ళది. బీడీఎస్ డాక్టర్ అలైనర్లు పెట్టకూడదని ఏమీ లేదు కానీ, మీరు ఏడు సముద్రాల అవతల ఉంటారు, ఏదైనా బెడిసికొడితే ఫోన్లోనే తేల్చాలి. ఆ అనుభవం ఉన్నవాళ్ళే కావాలి.

డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, అది తెలంగాణ స్టేట్ డెంటల్ కౌన్సిల్‌దో, ఆంధ్రప్రదేశ్ స్టేట్ డెంటల్ కౌన్సిల్‌దో కనుక్కోండి. అడిగితే నొచ్చుకునేవాళ్ళ దగ్గర చేయించుకోకండి. ఇంకో మాట. మీతో మాట్లాడే "ట్రీట్‌మెంట్ కోఆర్డినేటర్" అమ్మాయి ఎంత బాగా మాట్లాడినా, ప్లాన్ వేసే డాక్టర్‌తో ఒక్కసారైనా వీడియో కాల్ మాట్లాడి తీరాలి. "డాక్టర్ గారు, మీరు విదేశాల్లో ఉండేవాళ్ళ కేసులు ఎన్ని పూర్తిచేశారు? మధ్యలో ఆగిపోయినవి ఉన్నాయా?" అని అడగండి. ఆగిపోయినవి లేవని చెప్పేవాళ్ళని నేను అంతగా నమ్మను.

రెండో అభిప్రాయం కావాలంటే అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. గోదావరి జిల్లాల వాళ్ళకి భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ ఉంది. క్యూలో నిలబడే ఓపిక ఉండాలి, కానీ మీకు ఏదీ అమ్మాల్సిన అవసరం లేని డాక్టర్ నోట ఒక మాట వినొచ్చు.

మీ నోరు ఏ డాక్టరూ చూడకుండా, ఇంటికి డబ్బా పంపి మీ చేతే అచ్చు తీయించుకుని ట్రేలు పంపే కంపెనీల జోలికి వెళ్ళకండి. అమెరికాలో ఆ పద్ధతికి పెద్ద పేరు స్మైల్ డైరెక్ట్ క్లబ్. 2023 సెప్టెంబర్‌లో దివాలా పిటిషన్ వేసి, డిసెంబర్‌లో మూతపడింది. సగం ట్రేలతో ఉన్నవాళ్ళు అలాగే మిగిలిపోయారు.

మెట్టు 4. తిరుగు టికెట్ నుంచి వెనక్కి లెక్కేయండి

నాలుగు వారాల సెలవుంటే మా రెండోసారి లెక్క ఇలా ఉంది:

- 2వ రోజు: డాక్టర్‌ని కలవడం, ఎక్స్‌రే, స్కాన్. చుట్టాల ఇళ్ళకి ఆ తర్వాతే.
- 5 నుంచి 9వ రోజు: కంప్యూటర్ ప్లాన్ వస్తుంది. మార్పులు అడగడం, ఒప్పుకోవడం.
- 10 నుంచి 23వ రోజు: ట్రేల తయారీ, రావడం. విదేశాల్లో తయారయ్యే బ్రాండుకి ఇంకా పట్టొచ్చు. ఇండియాలోనే తయారయ్యేవి త్వరగా వస్తాయి.
- 24వ రోజు: బొడిపెలు అతికించడం, మొదటి ట్రే.
- 27వ రోజు: మళ్ళీ చూపించుకోవడం.
- 28వ రోజు: విమానం.

మొదటి ట్రే పెట్టుకున్నాక కనీసం మూడు రోజులు ఊళ్ళో ఉండాలి. బొడిపె ఊడితే ఎక్కువగా మొదటి రోజుల్లోనే ఊడుతుంది. పెళ్ళి, తిరుపతి, అమ్మమ్మగారి ఊరు, అన్నీ 10కి 23కి మధ్యలో పెట్టుకోండి. సంక్రాంతి పడితే క్లినిక్‌లు, కొరియర్‌లు మూడు రోజులు మూతే. దాన్నీ లెక్కలో వేసుకోండి.

మూడు వారాలే సెలవుంటే? "స్కాన్ ఇచ్చి వెళ్ళండి, ట్రేలు కొరియర్ చేస్తాం" అంటారు. బొడిపెలు ఎవరు అతికిస్తారని అడగండి. పైగా అమెరికాకి పంపే చిన్న పార్శిళ్ళకి ఉన్న 800 డాలర్ల సుంకం మినహాయింపు 2025 ఆగస్టు నుంచి లేదు. సుంకం కట్టాలి, కస్టమ్స్‌లో ఆగితే ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పలేం. ఎవరైనా వచ్చేవాళ్ళ చేత పంపించుకోవడం మేలు. ఈ సెలవులకి స్కాన్, వచ్చే సెలవులకి ట్రేలు అన్న ఆలోచన మాత్రం వద్దు. ఏడాదిలో పళ్ళు జరుగుతాయి, ట్రేలు వృథా.

మెట్టు 5. స్కాన్

పెన్ను లాంటి కెమెరా నోట్లో తిప్పుతారు, పది పదిహేను నిమిషాల పని. పాత పద్ధతి పిండి అచ్చు తీస్తామంటే వేరే చోటు చూసుకోండి. స్కాన్ అవగానే తెర మీద మీ పళ్ళు కనిపిస్తాయి. చివరి దవడ పళ్ళ వెనక వైపు, చిగురు అంచు దగ్గర బొక్కలున్నాయేమో చూడండి, ఉంటే మళ్ళీ తిప్పమనండి. ఆ స్కాన్ ఫైల్ (ఎస్‌టీఎల్ ఫైల్ అంటారు) కాపీ అడిగి తీసుకోండి. అడక్కపోతే ఎవరూ ఇవ్వరు.

మెట్టు 6. ప్లాన్ ఒప్పుకునే ముందు

పళ్ళు కదిలే బొమ్మ పంపిస్తారు. ఇన్విజలైన్ వాళ్ళు దాన్ని క్లిన్‌చెక్ అంటారు. ఆ బొమ్మలో అందరి పళ్ళూ సినిమా హీరోయిన్ పళ్ళలా అయిపోతాయి. అది కంప్యూటర్ గీసిన కోరిక, హామీ కాదు. మురిసిపోకుండా ఇవి చూడండి:

- ట్రేలు ఎన్ని, ఒక్కోటి ఎన్ని రోజులు. 18 ట్రేలు, పదేసి రోజులంటే 180 రోజులు.
- వెనక పళ్ళు ఒకదానికొకటి ఆనుతున్నాయా? ముందు పళ్ళు అందంగా వచ్చి, వెనక దంతాలు ఆనకపోతే జంతిక కూడా నమలలేరు.
- బొడిపెలు ఎన్ని, ఏ పళ్ళ మీద.
- పళ్ళ మధ్య ఎక్కడ, ఎంత, ఏ ట్రేకి ముందు అరగదీయాలి.

చివరిది ఆగి చదవండి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే. చోటు చాలని పళ్ళ మధ్య అర మిల్లీమీటర్‌కి మించకుండా పింగాణీ పొర అరగదీస్తారు. అది మామూలే. కానీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్న పళ్ళ మధ్య మొదటే అరగదీయడానికి పరికరం దూరదు. అవి కాస్త విడివడ్డాక, మధ్యలో ఎప్పుడో చేయాలి. నా ప్లాన్‌లో తొమ్మిదో ట్రేకి ముందు మూడు చోట్ల ఉంది. మొదటి క్లినిక్‌లో ట్రేలన్నీ కవర్లో వేసి ఇచ్చి, "అక్కడ ఎవరైనా చేస్తారులెండి మేడం" అన్నారు. డాలస్‌లో ఎవరూ చేయలేదు. తొమ్మిదో ట్రే ముందు పళ్ళ మీద కూర్చోకుండా తేలిపోయింది. ఎనిమిదో ట్రే పెట్టుకుని నాలుగు నెలలు కూర్చున్నాను, మళ్ళీ ఇండియా వెళ్ళేదాకా.

కాబట్టి డాక్టర్‌కి ఈ మాట చెప్పండి: "డాక్టర్ గారు, నేను ఎనిమిది నెలల దాకా రాలేను. అరగదీత అంతా నేను ఇక్కడున్నప్పుడే అయ్యేలా ప్లాన్ మార్చగలరా?" కొన్ని కేసుల్లో మార్చగలరు. మార్చలేనంటే, చార్టు పట్టుకుని మీ ఊరి డాక్టర్‌ని ముందే ఒప్పించండి.

డబ్బు మొత్తం ఒకేసారి కట్టకండి. ప్లాన్ ఒప్పుకున్నప్పుడు కొంత, ట్రేలు చేతికొచ్చాక కొంత. రిఫైన్‌మెంట్, అంటే చివర్లో మిగిలిపోయిన వంకర సరిచేసే అదనపు ట్రేలు, ఎన్నిసార్లు ఉచితం, ఎన్ని నెలల లోపు, దానికి కొత్త స్కాన్ మీ ఊళ్ళో తీయించి పంపితే ఒప్పుకుంటారా అన్నవి బిల్లు మీదే రాయించుకోండి. "మీరు ఎప్పుడొచ్చినా చేస్తాం" అన్న మాట నోటి మాట. అది చెప్పిన అమ్మాయి మీరు తిరిగొచ్చేసరికి వేరే క్లినిక్‌లో ఉంటుంది.

మెట్టు 7. ట్రేలు వచ్చిన రోజు

కుర్చీలోంచి లేవకముందే చూసుకోండి.

- మీ పేరు, ట్రే నంబర్, పైది కిందది వరసగా ఉన్నాయా? ఒక్కో కవర్ తెరిచి లెక్కపెట్టండి. మా తోడికోడలి దాంట్లో పదమూడో నంబర్ కింది ట్రే లేదు.
- మొదటి ట్రే అద్దంలో చూడండి, సెల్‌ఫోన్ టార్చి వేసి. పన్ను కొసకి, ట్రేకి మధ్య ఖాళీ కనపడకూడదు.
- డాక్టర్ ఎదురుగా ఐదుసార్లు పెట్టి తీయండి. తీసేటప్పుడు వెనక దవడ పళ్ళ లోపలి వైపు నుంచి వేలితో లాగాలి, ముందు నుంచి కాదు. మొదటిసారి గోరు విరుగుతుంది. నవ్వులాట కాదు, నాకు విరిగింది.
- బొడిపెలు అతికించడానికి వాడిన టెంప్లేట్ ట్రే ఒకటి అదనంగా ఇమ్మనండి. ఇది బంగారం. ఇది చేతిలో ఉంటే మీ ఊరి డాక్టర్ ఊడిన బొడిపెని సరిగ్గా అదే చోట పెట్టగలరు.

తీసుకోవాల్సిన కాగితాలు: ప్లాన్ కాపీ, అరగదీత చార్టు, బొడిపెల చార్టు, ఎక్స్‌రే, స్కాన్ ఫైల్, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరుతో బిల్లు. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి.

మెట్టు 8. విమానం

ట్రేలన్నీ చేతి సంచిలోనే. శంషాబాద్‌లో చెక్‌ఇన్ చేసిన పెట్టె దోహాలో ఉండిపోతే పచ్చడి జాడీలు వారం తర్వాత వచ్చినా పరవాలేదు, ట్రేలు రాకపోతే కష్టం. ప్రయాణమంతా ట్రే పెట్టుకునే ఉండండి. కొత్త నంబరుకి మారడం మాత్రం ప్రయాణం రోజున వద్దు. మొదటి రెండు రోజులు పళ్ళు లాగుతాయి. ఎప్పుడు మారినా రాత్రి పడుకునే ముందు మారండి, నొప్పి సగం నిద్రలోనే పోతుంది.

మెట్టు 9. తిరిగొచ్చాక, రోజూ

రోజుకి 22 గంటలు. అంటే తీసి ఉంచేది రెండు గంటలే. మన ఇంటి రోజు లెక్క చూడండి: టిఫిన్ 20 నిమిషాలు, భోజనం 30, రాత్రి భోజనం 30, రెండు టీలు పదిహేనేసి, మూడుసార్లు బ్రష్ ఐదేసి. అప్పటికే 125 నిమిషాలు. మూడో టీకి చోటు లేదు. ట్రేతోనే టీ తాగుదామంటే వేడికి ప్లాస్టిక్ వంకరపోతుంది, చక్కెర లోపలే ఉండి పళ్ళు పుచ్చుతాయి. మంచినీళ్ళు తప్ప ఏదీ ట్రేతో తాగొద్దు.

పసుపు సంగతి. పులిహోర తిని నోరు కడుక్కోకుండా ట్రే పెట్టారంటే సాయంత్రానికి ట్రే లేత పసుపు, బొడిపెలు ముదురు పసుపు. ట్రే పది రోజుల్లో మారుతుంది, బొడిపె రంగు మాత్రం చివరిదాకా అలాగే ఉంటుంది. తిన్న వెంటనే బ్రష్ చేయండి, కుదరకపోతే పుక్కిలించండి. ట్రేని చల్లటి నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడగాలి. మరగబెట్టిన నీళ్ళు వద్దు. పాల సీసాలు మరిగించిన అలవాటుతో ఒకావిడ ట్రేలు కూడా మరిగించింది. ముడుచుకుపోయాయి.

పది రోజులకోసారి ఫోటోలు. ఇక్కడే ఆ రెండు చెంచాలు. కాడలతో చెంపలు రెండు వైపులా లాగి, ఇంట్లోవాళ్ళ చేత తీయించండి: ఎదురుగా, కుడి, ఎడమ, పై వరస, కింది వరస. ట్రేతో ఒకసారి, ట్రే లేకుండా ఒకసారి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపండి.

తర్వాతి ట్రేకి మారొచ్చా లేదా అన్నది క్యాలెండర్ చెప్పదు, ట్రే చెబుతుంది. ఇవి చూడండి:

- పెట్టినప్పుడు బిగువు లేకుండా కూర్చుంటోందా?
- పన్ను కొస దగ్గర ఖాళీ లేదా? టార్చి వేసి చూడండి.
- బొడిపెలు ట్రేలోని గుంటల్లో నిండుగా ఉన్నాయా?

మూడూ అవునంటేనే మారండి. ఖాళీ ఉంటే అదే ట్రే ఇంకో వారం, చ్యూయీ రోజుకి రెండుసార్లు ఐదేసి నిమిషాలు ఆ పన్ను దగ్గర కొరకండి. వారం తర్వాత కూడా ఖాళీ తగ్గకపోతే ముందుకు వెళ్ళకండి, ఫోటో పంపండి. "ఒకటి పట్టకపోయినా తర్వాతది పడుతుందేమో" అని మారిపోవడం అందరూ చేసే తప్పు. ఆ ఖాళీ ఒక్కో ట్రేకి పెరుగుతుందే తప్ప తగ్గదు.

మెట్టు 10. ఊడితే, విరిగితే, పోతే

బొడిపె ఊడితే మింగినా భయం లేదు. ట్రే వాడుతూనే ఉండండి, రెండు వారాల్లోపు టెంప్లేట్ పట్టుకుని వెళ్ళి అతికించుకోండి. ట్రే అంచు నాలుకకి గీసుకుంటే గోళ్ళ ఆకురాయితో కొంచెం రుద్దండి, కత్తెర పెట్టకండి.

ట్రే పోతే? నేను ఒకటి పోగొట్టుకున్నాను. మా మేనత్త మనవడి పెళ్ళిలో బంతి భోజనానికి కూర్చున్నాను. డబ్బా గదిలో ఉండిపోయింది. టిష్యూలో చుట్టి విస్తరి పక్కన పెట్టాను. చివర్లో పెరుగన్నం తిని, అలవాటుగా విస్తరి మడిచి లేచాను. చెయ్యి కడుక్కునేసరికి బల్ల ఖాళీ, విస్తళ్ళన్నీ వెనక డ్రమ్ములో. చీర కొంగు దోపుకుని వెతికాను, దొరకలేదు.

పోయిన ట్రే వాడాల్సిన రోజులు చాలావరకు అయిపోయి ఉంటే తర్వాతది పెట్టి చూడండి, పడితే అదే. ఇప్పుడే మొదలుపెట్టినదైతే అంతకు ముందు నంబర్‌కి వెనక్కి వెళ్ళండి. రెండిట్లో ఏది చేసినా ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. ఖాళీ నోటితో రెండు రోజులు కూడా ఉండకండి. అందుకే పాత ట్రేలు పారేయొద్దని చెప్పేది. కనీసం వెనకటి రెండు నంబర్లు కడిగి దాచండి.

వీటికి మాత్రం ఫోటోలతో కాలయాపన చేయకుండా ఇక్కడి డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి: ఒకే పన్ను వారం దాటినా నొప్పి, చిగురు వాపు, చీము, పన్ను నల్లబడటం, వేలితో తాకితే బాగా ఊగడం. పళ్ళు కొద్దిగా వదులుగా అనిపించడం మామూలే. ఊగడం మామూలు కాదు.

మెట్టు 11. చివరి ట్రే అయ్యాక

చివరి నంబర్ అయిపోగానే బొడిపెలు తీయించేయాలని తొందర పుడుతుంది. ఆగండి. ముందు ప్లాన్ చివరి బొమ్మని, మీ ఫోటోల్ని పక్కపక్కన పెట్టి డాక్టర్‌తో చూడండి. రిఫైన్‌మెంట్ కావాలంటే బొడిపెలు ఉండాల్సి రావచ్చు. ఒక సన్నటి కాగితం ముక్క వెనక పళ్ళ మధ్య పెట్టి కొరికి లాగండి, రెండు వైపులా పట్టుకోవాలి. ఒకవైపు జారిపోతే డాక్టర్‌కి చెప్పండి.

ఇక రిటైనర్. మొదటి బేరంలోనే ఇది ఉందో లేదో అడగండి, చాలాచోట్ల వేరే డబ్బు. మొదట్లో రోజంతా, కొన్ని నెలల తర్వాత రాత్రుళ్ళు, ఆ రాత్రుళ్ళు ఎన్నేళ్ళంటే, పళ్ళు ఇలాగే ఉండాలనుకున్నన్నాళ్ళు. మీరు ఇండియాకి ఏడాదికోసారి వెళ్ళేవాళ్ళైతే ఒకేసారి రెండు మూడు జతలు చేయించుకోండి. రిటైనర్ వచ్చేదాకా చివరి ట్రేనే రాత్రీ పగలూ పెట్టుకోవాలి. నా రిటైనర్లు మా నాన్నగారి సంచిలో వచ్చేసరికి ఏడు వారాలు పట్టింది, అప్పటికి ఆ చివరి ట్రే పైన కుడివైపు చీలిపోయి ఉంది. అయినా పెట్టుకునే ఉన్నాను. పెట్టుకున్నందుకే కొత్త రిటైనర్లు పట్టాయి.